లోపలికి పీల్చిన ఔను

ఏటుకూరు రోడ్డులో మా షెడ్డుకి ఎవరొచ్చినా
ముందు దగ్గుతారు, తర్వాతే నమస్కారం.
పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నా,
దగ్గుకి మాత్రం దేశం లేదు.

మిగతా అన్నిటికీ ఉంది.

నకగావా గారు ఒసాకా నుంచి
తెల్ల గ్లవుజులతో వచ్చారు.
తేజా కాయ ఒకటి వెలుతురుకి పెట్టి చూసి
పళ్ళ సందుల్లోంచి స్‌స్‌స్ అని గాలి పీల్చారు.
కారం తగిలిందేమోనని మజ్జిగ తెప్పించాను.
తాగారు. నడుం వంచి దండం పెట్టారు. వెళ్ళిపోయారు.
ఆ గాలి పేరు "కాదు" అని
నెల తర్వాత తెలిసింది.
కంటైనరెడు సరుకుని
ఒక్క మాట ఖర్చు లేకుండా వద్దనేశాడు మహానుభావుడు.

మరుసటేడు నూనె తీసే మిషను బిగించడానికి
అదిస్ అబాబా నుంచి గిర్మా వచ్చాడు.
"శనివారానికి అవుద్దా?" అన్నాను.
హక్కున గాలి లోపలికి పీల్చాడు.
అయ్యో, మళ్ళీనా!
అవదటండీ అని ఓనరు గారికి ఫోన్ కొట్టేశాను.
శుక్రవారం పొద్దుగూకే సరికి మిషను తిరుగుతోంది.
వాళ్ళ ఊళ్ళో ఔను అంటే అదేనట,
బయటికి అనరు, లోపలికి తీసుకుంటారు.

ఆ రాత్రి పడుకుని రెండు గాలులూ పీల్చి చూసుకున్నాను.
మా ఆయన లేచి, ఆయాసమా అని అడిగాడు.

మారైకె సంగతి వేరు. రాటర్‌డామ్ మనిషి.
ఓనరు గారి ఎదుటే, ఆయన కుర్చీ పక్కనే నిలబడి
"ఈ లెక్క తప్పు" అంది.
గుమస్తా రత్తయ్య గోడకేసి తిరిగిపోయాడు.
అరగంటకి అదే మనిషి
ఆయన పక్కనే కూర్చుని గోంగూర కలుపుకుంటోంది,
మొహాన ఎక్కడా మచ్చ లేదు.
తొడిమ తీసినట్టు
మాటని మనిషి నుంచి తీసి అవతల పెట్టేసింది.
ఇంతకాలం కాయలకే చేస్తున్నాం మేం ఆ పని.

"చూద్దాంలెండి అంటే ఏంటి?" అని అడిగింది నన్ను.
లే మీద సాగదీస్తే ఎప్పటికీ అవదని.
టక్కున అంటే రేపని.
తల దించుకుని అంటే, నన్నడగొద్దు, పైవాళ్ళనడుగు అని.
పుస్తకంలో రాసుకుంది.
నా భాష నాకే కొత్తగా వినపడి
నవ్వాగలేదు.

జీతం సంగతి అటుంచితే
ఈ ఉద్యోగంలో నాకు నచ్చేది ఇదే,
యాభై దగ్గర పడుతున్నా
ఏడాదికోసారి మళ్ళీ మూగదాన్నై
మొదటి నుంచి మాటలు నేర్చుకుంటాను.

మొన్న ఏప్రిల్లో రాటర్‌డామ్ సరుకు.
"రాత్రికి లోడెత్తాలి" అన్నాను.
నలభై మూడు కొంగులు ముక్కుల మీదే ఉన్నాయి,
నలభై మూడు గొంతులు "అట్టాగే మస్తానక్కా" అన్నాయి.
గతంలో అయితే వెళ్ళి టీ తాగేదాన్ని.
"ఇది ఏ అట్టాగే?" అని అడిగాను.

ఎవరూ మాట్లాడలేదు.
చేటలు ఆగాయి.

నల్లపాడు దీనమ్మ, చేరి మూడు నెలలు కాలేదు,
కొంగు తీసి నా మొహంలోకి చూసింది.
"అవదక్కా. అడుగు టిక్కీల్లో చెమ్మ పదమూడుంది.
ఇప్పుడెత్తితే సముద్రం మీద బూజు పడుద్ది.
నీకు తెలీకపోతే చెయ్యి పెట్టి చూడు."

చెవులు వేడెక్కాయి.
నాకా చెప్పేది, అనే మాట నాలుక చివరికొచ్చి
అక్కడే కాసేపు మండింది.
చెయ్యి పెట్టి చూశాను.
కాయ విరగలేదు, వంగింది.

ఏమనాలో తెలీలేదు.
నాకు తెలీకుండానే
హక్కున గాలి లోపలికి పీల్చాను.

ఘాటు తగిలిందనుకుంది దీనమ్మ.
పరుగున పోయి
గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చింది.