బొమ్మా బొరుసా

సమ్మిరెడ్డి సారూ,
మీరు ఎస్టిమేట్ కాయితంల కింది అంకె ఒక్కటే చూసిన్రు.
నేను పైనుంచి చదువుత, జర ఓపిక పట్టున్రి.

పన్నెండు మీటర్ల పొడుగు, ఆరు వెడల్పు,
ఇటు నడుంబంటి, అటు నిలువెత్తు,
సగటున మీటరుం పావు లోతు.
తొంభై వేల లీటర్లు.
ఆరు గంటలకొక్కసారి ఆ నీళ్లన్ని
ఇసుకల దిగి రావాలె.
గంటకు పదిహేను వేలు.
గోడకు బొగ్గుతోని రాసినా ఇంతే,
కంపెనీ పుస్తకంల రాసినా ఇంతే.

మీ బామ్మర్ది డిక్కీల ఏసుకొచ్చిన ఫిల్టర్ మంచిదే.
నీలం రంగు, నెత్తి మీద గడియారం లాంటి మీటరు,
ఇరవై నాలుగు అంగుళాలు.
ఇంట్ల నలుగురు ఈదే తొట్టికి సరిపోతది.
మోటర్ పెద్దది పెడ్దమంటున్రు.
పెడ్తే నీళ్లు ఉరుకుతయి సారూ.
ఉరికే నీళ్లు మురికిని ఇడిచిపెట్టయి,
ఇసుకల సందు చేసుకొని
ఎంటేసుకొనే బయటకొస్తయి.
జాలిగంటెల చాయ్ పోసేటోడు
చెయ్యి ఎట్ల ఆపుకుంటడో
అంత నిదానం కావాలె.
నిదానానికి ఎడం కావాలె.
ముప్పై రెండు అంగుళాల ఎడం.

ఎండకాలం హసన్‌పర్తి రోడ్డు మీద
గంటకు నలభై అని బోర్డు పెడ్తే
ఎందరొస్తరో మీకెర్కే.
కొబ్బరినూనె తలలు, క్రికెట్ చెమట,
ఏనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసి
సక్కగ ఇటే వచ్చే హమాలి పోరలు.
వాళ్ల ఒంటి ఘాటు కూడ ఈ నీళ్లల్లనే దిగుతది.

ఇంకో ముచ్చట.
చెప్పకపోదును గాని.

మూడేండ్ల కింద, కాజీపేట దిక్కు ఒక స్కూలు.
వాళ్లూ కింది అంకెనే చూసిన్రు.
నేను సరే సార్ అన్న.
బిడ్డ ఫీజు కట్టేదుండె అప్పుడు.
ఏప్రిల్‌ల నీళ్లు గంజి లెక్కయినయి.
క్లోరిన్ పోసిన్రు, పటిక పోసిన్రు,
తెల్లబడ్డయి గాని తేటబడలే.
లోతు కాడ ఆరో తరగతి పిలగాడు మునిగిండు.
గట్టు మీద ముగ్గురు నిలబడే ఉన్నరు,
ఎవ్వలకూ కనపడలే.
ఇంకో పిలగాని కాలికి తగిలిండు.
అంతే. కాలికి తగిలిండు.

బతికిండు.
ఇప్పుడు ఎదురుపడితే అన్నా అని నవ్వుతడు.
వానికేం తెలుసు.

అప్పటి సంది జేబుల ఒక రూపాయి బిళ్ల పెట్టుకొని తిరుగుత.
పని ఒడిసినంక లోతు దిక్కు ఏస్త.
గట్టు మీద నిలబడి
బొమ్మనో బొరుసో చెప్పగలిగితేనే
బిల్లు మీద సంతకం అడుగుత.

కొట్టేయొద్దు అంటలేను సారూ.
డాల్ఫిన్ టైల్స్ కొట్టేయిన్రి,
రంగు లైట్లు మల్లొచ్చే ఏడు పెట్టుకోన్రి.
ఫిల్టర్ కాడ మాత్రం...

పొద్దూకింది, నాకు బస్సుంది.
బిళ్ల మీ టేబుల్ మీద పెట్టి పోతున్న.
చిన్నదే ఖాయమైతే,
మిగిలిన పైసలల్ల
దీన్ని కూడ కలిపి రాసుకోన్రి.