బండి మారే ఊరు

గుంతకల్లులో చానామంది దిగరు, మారతారు.
పదకొండేండ్లుగా ఆడోళ్ల వెయిటింగ్ హాలు తలుపుకాడ
కుర్చీ వేసుకోని కూచున్నదాన్ని, నాకు తెలుసు.
బెంగుళూరు నుంచొచ్చి బళ్లారికి మారతారు,
నిద్రపోయే బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మారుస్తా.
నా రిజిస్టర్లో పేరు రాస్తారు, వచ్చిన టైము రాస్తారు.
పోయిన టైము గడి మాత్రం ఖాళీగా ఇడ్చిపెడతారు.

ఆ రాత్రి హోస్పేట బండి నాలుగ్గంటలు లేటు.
హంపికి పోయే తెల్లపిల్ల, మోకాళ్ల దాకా దుమ్ము,
దోమలకు నిద్రపట్టక బల్ల మీద బొమ్మల అట్టలు పరిచింది.
"పేకాటా పాపా? ఈడ ఆడగూడదు" అన్నా.
నవ్వి, ఒకటి తియ్యమని చేత్తోనే చెప్పింది.
చెయ్యి కొంగుకు తుడుచుకోని తీసినా.

ఆ పిల్ల మొగం చూడాల!
నేను పడిపోతానేమో అన్నట్టు నా మోచెయ్యి పట్టుకుంది.

తెల్లగుర్రం మీద ఎముకల మనిషి.
కింద ఒక రాజు ఎల్లకిలా పడుండాడు, కిరీటం ఒక పక్క.
పసుప్పచ్చ బట్టల పూజారి చేతులు జోడించి ఏందో అడుక్కుంటాండాడు.
నేను చూసింది అవేమీ గాదు.
వాని చేతిలో జెండా.

జెండా పట్టుకున్నోనితో కాపరం చేసినదాన్ని నేను.
మా కుళ్లాయప్ప గ్యాంగుమాను.
ఎర్రదొకటి పచ్చదొకటి చంకలో పెట్టుకోని
మొబ్బులోనే మద్దికెర వైపు పట్టాలెంబడి పొయ్యేటోడు.
ఒకనాడు ఎదురుగా గూడ్సు వస్తాందని పక్క పట్టా మీదికి జరిగినాడు.
ఆ పట్టా మీద ఇంకోటి వస్తా ఉండె.
టిఫిను క్యారియరు నాకిచ్చినారు.
జెండాలు మాత్రం స్టోరులో అప్పజెప్పమన్నారు.
ఉతికి, మడత పడేటట్టు చాప కింద పెట్టి, ఇచ్చినా.

నల్లజెండా నేనెప్పుడూ చూడలే.
నడుమ తెల్లపువ్వు గూడా.
ఆపమనా, పొమ్మనా?

ఆ పిల్ల ఫోనులో ఏందో కొట్టి, ఫోనుతోనే తెలుగు చెప్పించింది:
"ఇది మరణం కాదు. ఇది మార్పు. భయపడవద్దు."
అచ్చం ప్లాట్‌ఫారం మైకులో ఆయమ్మ గొంతు.
కాదనేదెందుకు పాపా? మరణమే.
రెండూ ఒకటే బండి,
ముందొక ఇంజను, ఎనకొక ఇంజను.

నీకు తెలుగు రాదు గాబట్టి చెప్తా.
ఆయప్ప బతికుంటే నాకు సంతకమే లేదు.
ముప్పై రెండేండ్లకు వన్నూరమ్మ అని రాసేది నేర్చినా,
నడుమ వత్తు చాన్నాళ్లు నిలబడలే.
కారుణ్య నియామకం అని కాగితంలో ఉండె,
కారుణ్యం ఎవురిదో రాయలే.
మొదటి జీతంతో చెప్పులు కొనుక్కున్నా.
మా అత్త వీధిలో నిలబడి
మొగుణ్ణి మింగి కుర్చీ ఎక్కింది అని అరిచింది.
ఏడ్చినా. ఏడుస్తానే ఎక్కినా.
ఈ కుర్చీలో ఒకోసారి సుఖంగా ఉంటాది.
ఆ సుఖం ఎవురికీ చూపించలే, ఇయ్యాల్టి దాకా.

పిల్ల తల ఊపింది. ఏం అర్థమయిందో.
బొమ్మలో దూరంగా రెండు బురుజులు, సిగ్నలు స్తంభాల మాదిరి,
నడుమ సూర్యుడు.
పొద్దు పొడిచేదా, గుంకేదా అని
చెయ్యి పైకీ కిందికీ ఆడించి అడిగినా.
లైటు కింద పెట్టి చానాసేపు చూసి
తెలీదని భుజాలు ఎగరేసింది.
గుర్రం ముందరికాలు ఒకటి పైకెత్తే ఉండాది, ఇంకా దించలే.
దాని కాళ్లకాడ ఒక చిన్నబిడ్డ
తల ఎత్తి చూస్తాంది,
గేటుకాడ బండి చూసే బిడ్డల మాదిరి.

మూడూ నలభైకి బండి వచ్చె.
అట్ట నా చేతిలోనే ఇడిచి పరిగెత్తింది.
ఒకటి తక్కువైతే ఎట్ల పాపా అని అరిచేలోపల వంతెన ఎక్కేసింది.
ఇంకమీద ఆ అట్టల్లో ఎవురికీ చావు రాదు.

పోయిన టైము గడి నేనే నింపినా.
అట్టను రేపటి పేజీకి గుర్తుగా పెట్టుకున్నా.

తెల్లారి డోను ప్యాసింజరు దిగిన ముసలామె
తిరుపతికి యాడ మారాల తల్లీ అనింది.
మూడో నెంబరు అన్నా.
మెట్లు దండిగా ఉండాయి, మెల్లగా.