మూడేళ్ళ తొక్క

గోడలకు చెమట పట్టే నెల.
జియాంగ్‌మెన్‌లో ఏటి ఒడ్డు వీధి,
గచ్చూ మెట్లూ అద్దాలూ
ఎవరో ఇప్పుడే ఏడ్చి లేచిపోయినట్టు తడి.
అగ్గిపుల్ల నాలుగోసారికీ మండదు.

మార్‌గిత్ పెట్టె తెరిచింది.
ఏడేళ్ళ నెగటివ్‌లు.
వాటి మీద బూజు వేళ్ళు తన్నుకుని,
చలికాలం తన ఊళ్ళో
కిటికీ అద్దం మీద పూసే మంచుపువ్వుల్లా ఉంది.
ఎస్తోనియాలో చలి చేసే పని
ఇక్కడ చెమ్మ చేసింది.

వీధి ఆమెని ‘మా’ అంటుంది.
పాస్‌పోర్టులో పేరు ఎవరి నోటా తిరగక
మొదటి ముక్క ఉంచుకుని తక్కింది వదిలేశారు.
వాళ్ళ భాషలో గుర్రం అని.
నా భాషలో ఆ మాటకి అర్థం వేరు.
అంతదాకా ఆమె ఇంకా రాలేదు.

ఏం తీసింది ఇన్నాళ్ళూ?
ఆవిరి పళ్ళెం మీంచి బియ్యప్పిండి పొరని
ఒక్క గీకుతో చుట్టేసే సూయ్-ఫాన్ మోచెయ్యి,
పైజమాతోనే బజారుకొచ్చి
కప్పల బేరమాడే లెక్కల మాస్టారు,
విరిగిన ప్లాస్టిక్ కుర్చీని రాగితీగతో కుట్టుకుంటూ
లాటరీ కొట్టు ముందు ముసలాయన.
స్కూటర్ మీద నిలువుటద్దం మోసుకెళ్తున్న కుర్రాడు:
అద్దంలో సగం వీధి, సగం ఆమె.
ఇప్పుడు అందరి ముఖాల మీదా బూజే.

దిగువ వాటాలో తామ్ యిక్-సాంగ్
నారింజ తొక్కల వ్యాపారి.
బూజు సంగతి ఆ వీధిలో అతనికి తెలిసినంత
ఇంకెవరికీ తెలీదు.
నెగటివ్‌ని వెలుతురుకి పట్టి చూస్తాడనుకుంది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఉత్తరపు గాలి వీచేప్పుడు ఎండబెట్టుకోవాలి.
ఇప్పుడా తెరవడం?"

తుడిచి ఇచ్చాడు. ఓ మట్టి జాడీ ఖాళీ చేసి ఇచ్చాడు.
అడుగున గుప్పెడు తొక్కలు,
మూడు రెక్కలుగా విచ్చి, తోలులా నల్లబడినవి.
"మూడేళ్ళు నిండనిది ఉత్త తొక్క, మా.
నిండాకే దానికో పేరు.
నీవీ అంతే. మూతపెట్టు."

కోపం వచ్చింది. పత్రికకి మాటిచ్చింది మరి.
ఆ ఏడు అద్దె రెండుసార్లు ఆలస్యమైంది,
పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసింది,
పిల్లలకి ఇంగ్లీషు చెప్పింది.
మూత మాత్రం తియ్యలేదు.
ఎందుకు తియ్యలేదో అడిగితే
ఇప్పటికీ సరిగ్గా చెప్పదు.

మూడో ఏడు, డిసెంబరు.
గాలి మారింది, పెదాలు పగిలే గాలి.
జాడీ తెరిస్తే ముందు వాసన,
పాత మందుల కొట్టులాంటిది.
ఆ తర్వాత బొమ్మలు.

అన్నిటికన్నా పాతది
వీధిలో దిగిన మొదటి వారం తీసింది.
తామ్ చెయ్యెత్తి ఉన్నాడు, నోరు తెరిచి ఉంది.
పరాయి ఊళ్ళో తనకి దొరికిన తొలి పలకరింపని
ఆ బొమ్మని ఇంటికి పంపింది కూడా, తల్లికి.

కిందికి పట్టుకెళ్ళి చూపించింది.
తామ్ కళ్ళజోడు వెతుక్కుని చూసి
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"పలకరింపా!
ఎండకి అడ్డొచ్చావు, జరుగు, జరుగు అన్నాను.
ఒక చాప సరుకు మెత్తబడిపోయింది ఆ వేళ."

అప్పుడు చూసింది.
అచ్చు వేసినప్పుడల్లా తను కత్తిరించి పారేసిన
అడుగు భాగంలో,
చాప నిండా పరిచిన తొక్కల మీద
పొడుగాటి నీడ,
రెండు మోచేతులు చెవుల్లా పైకి లేచి.

ఇప్పుడు కూడా చాప ముందే నిలబడి ఉంది.
ఒక్కడుగు జరిగింది,
పదేళ్ళు ఆలస్యంగా.
తొక్కల మీదికి ఎండ మెల్లగా పాకింది.

"ఎవరీవిడ?" అన్నాడు
ఫోషాన్ నించి బేరానికొచ్చినతను.
తామ్ త్రాసు మీంచి తలెత్తలేదు.
"మా," అన్నాడు,
ఇంకో రాయి తీసి పళ్ళెంలో వేస్తూ.