పదిహేడో వరుస

రుసైల్ కేంపు వెనక, శుక్రవారం.
నారింజ రంగు పని చొక్కాలు ఆరేసిన తీగల కింద
రెండు పెయింటు డబ్బాలు బోర్లించి కూర్చున్నాం.
నా చేతిలో మూడు పేజీల సమ్మతి పత్రం.
యూనివర్సిటీ నైతిక సంఘం దాన్ని
రెండు నెలలు నానబెట్టి ముద్ర వేసింది.

"సమ్మతంటే ఏంది బిడ్డా?"
"ఒప్పుకోలు" అన్నాను.
అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.
"నేనేం తప్పు జేసిన, ఒప్పుకునేతందుకు?"

మస్కట్‌లో పుట్టిన నా తెలుగు అక్కడ బోర్లా పడింది.
కొట్టేసి పైన రాశాను: ఇష్టం.
ఇష్టముంటేనే చెప్పండి.
మధ్యలో ఆపేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు.
ఆ ఒక్క కొట్టివేతకి సంఘానికి మళ్ళీ ఉత్తరం పెట్టాలి,
పెడతాను.

"నాకేమొస్తది?"
"ఒక లబన్ సీసా. ఇంకేం రాదు."
"ఏం రాదని ముందుగల్లనే చెప్పినోళ్ళను
ఇప్పుడే జూస్తున్న" అన్నాడు.
వీసా ఇప్పించిన ఏజెంటు గుర్తొచ్చాడేమో,
ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

అంతకు ముందు వారం సంగతి దాచకూడదు.
గదిలోనే అడిగాను అప్పుడు.
కేంపు బాసు తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు,
మర్యాద కోసం.
ఎండకి తల తిరిగిందా? లేదు.
మధ్యాహ్నం విరామం ఇస్తున్నారా? ఇస్తుండ్రు.
నిద్ర? మంచిగ.
పదకొండు మంది, ఒకే అచ్చులో పోసిన ఇటుకలు.
మా గైడు జమీలా మేడమ్ కాగితాలు తిరగేసి
"నువ్వు ఎండని కొలవలేదు, కుర్చీని కొలిచావు" అంది.
పదకొండూ పక్కన పెట్టాను.
పక్కన పెట్టానని కూడా రాయాలట. రాశాను.

"మీ పేరు రాయను. పి పదిహేడు అంటాను."
"నంబర్లు మస్తున్నయి బిడ్డా.
టోపీ మీదొకటి, మంచానికొకటి, కార్డు మీదొకటి.
పేరే పెట్టు."
"అయితే మీరే చెప్పండి, మీది కానిదొకటి."
చొక్కాల నీడలో చాలాసేపు వెతికాడు.
"మురహరి రావు. మా ఊరి పట్వారి.
గీ ఒక్క కాగితంలనన్న
గాయన ఎండల నిలబడాలె."

అలా మురహరి రావు నాలుగున్నరకి లేచాడు.
మురహరి రావు సీసాలో నీళ్ళు పదింటికే టీ కాగేంత వేడెక్కాయి.
మురహరి రావు జూన్‌లో రెండుసార్లు కూలబడ్డాడు,
రెండోసారి ఇనుప చువ్వల మీద.
చెప్తూ చెప్తూ అతను నవ్వుతున్నాడు, నేను రాస్తున్నాను.

పన్నెండో ప్రశ్న: పడిపోయిన రోజు జీతం ఇచ్చారా?

"ఇగ ఆపు."

నొక్కాను. ఫోనులో ఎర్ర చుక్క ఆరిపోయింది.
పెన్నుకి మూత పెట్టాను.
అతను ఫోను వంక చూశాడు, నా వంక, మళ్ళీ ఫోను వంక.
బోర్లించి కూడా చూశాడు.
"నిజంగనే ఆపినవా?"
తర్వాత అరగంట మాట్లాడాడు.
ఇన్ని నెలల్లో నేను విన్నవాటిలో అదే అసలు మాట.
థీసిస్‌లో లేదు.
ఇక్కడా లేదు.

రాత్రి ల్యాబులో అఫ్సానా నా స్క్రీన్ మీదికి వంగింది.
"లేదు అని కొట్టేయ్, అతను అనబోయింది అదేగా.
ఒక్క గడి. ఎవడు చూస్తాడు?"
నిజమే, ఎవరూ చూడరు.
వేలు సున్నా మీద కాసేపు ఉంది.
ఎంతసేపో కొలవలేదు.
సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఖాళీ గడిలో ఒక చుక్క పెడుతుంది.
దాన్ని అలాగే ఉండనిచ్చాను.

వైవాలో బయటి పరీక్షకుడు
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.
"పదిహేడో వరుస, పన్నెండో గడి. ఏమైంది?"
"ఆపమన్నారు సార్."
"ఎందుకు?"
"అడగలేదు."