ఒక్కొక్కటే

ఎచ్చెర్ల ల్యాబులో రాత్రి రెండు.
కరెంటు పోయి వచ్చింది, అమరిక చెదిరింది,
మళ్ళీ మొదట్నుంచి.

వెంట్రుకను రెండొందల పాయలు చీలిస్తే ఒక పాయ:
అంత సన్నటి దారిలోకి
ఎర్ర లేజరును ఊపిరి బిగబట్టి ఎక్కిస్తాను.
పొందూరులో మా అప్ప
వాలుగ దవడతో పత్తి ఏకేటప్పుడు
ఇలాగే తుమ్ము ఆపుకునేది.

పైనుంచి చూస్తే దారంతా చీకటే.
వెలుగు లోలోపలే పాకి
పక్కనున్న చుక్కను
తన అంచుతో తాకుతుంది, అంతే.

టిక్.
చాలాసేపు ఏమీ లేదు.
టిక్.
రెండు ఎప్పుడూ జంటగా రావు.

తెల్లారి ఫోన్లో అప్ప:
“రాత్రంతా కూకోని ఏటి నెక్కెట్టావే?”
“ఎలుగు.”
“ఎన్ని?”
“ఒకటి. మల్లీ ఒకటి.”

కాసేపు ఆగి,
“సిక్కు పడిపోద్ది, సూస్కో” అంది.