ఎనిమిదో చుక్క

చండూరు జూనియర్ కాలేజీ. బైపీసీ ఫస్టియర్.
అన్నం తిన్నంక మొదటి పీరియడు.
కిటికీ అవతల బత్తాయి లారీ ఒకటి
వెనక్కి పోతూ కూత పెడుతున్నది.

బోర్డు మీద రెండు గుండ్రాలు గీసిన.
లోపల ఇద్దరు, బయట ఏడుగురు.
"ఎనిమిది మందైతే ఇల్లు నిండినట్టు.
దీనికి ఒక్కటి తక్కువ.
ఆ ఒక్కదాని కోసం ఎవరి గడపకైనా పోతది.
అడగదు. గుంజుకుంటది."

ఫ్లోరిన్ అనంగనే క్లాసంతా నవ్వింది.
నవ్విన నోళ్లల్ల సగం పండ్ల మీద
గోధుమరంగు గీతలు.
నేను పెదవులు మూసే నవ్విన.
నా పెండ్లి ఫోటోల్ల కూడా అంతే.

కాల్షియానికి బయట ఇద్దరు.
ఇద్దర్నీ పంపిచ్చేస్తేనే దానికి నిమ్మళం.
ఒకరికి వదిలించుకోవాలె, ఒకరికి దొరకాలె.
బేరం కుదిరింది: అయానిక బంధం.
కాల్షియం అని రాస్తున్న సుద్దముక్కలోనూ కాల్షియమే,
రాస్తుండంగనే పుటుక్కున విరిగింది.

పంచుకునేటోళ్లూ ఉన్నరు.
నీళ్లల్ల ఆక్సిజనూ, రెండు హైడ్రోజన్లూ
పాలుకు చేసే సేద్యం లెక్క:
పంట ఇద్దరిదే,
కుప్ప మాత్రం పెద్దోని దిక్కు జర ఒరిగి ఉంటది.

"పరమాణువులు ఎందుకు కలుస్తయి?"
"స్థిరత్వం కోసం సార్!"
నలభై గొంతులు. రెండు మార్కుల జవాబు.

మూడో బెంచీల పగిళ్ల నర్మద లేచింది.
మర్రిగూడ దిక్కు నుంచి బస్సుల వస్తది,
ఎన్నడూ నోరు తెరవని పిల్ల.
"సార్, ఎలక్ట్రాన్ దొరికినంక
అది నిమ్మళమైతదంటిరి.
మా చిన్నాయిన ఎముకలల్ల
నిమ్మళంగనే కూసున్నది గద.
మరి ఆయనెందుకు కూసోలేడు?"

జవాబు లేక కాదు.
ఎముకంటే కిరాయి అర్రల వరుస బిడ్డా,
హైడ్రాక్సిల్ ఖాళీ చేసిన అర్రల ఫ్లోరైడ్ దిగుతది.
కొలత దగ్గర దగ్గర అంతే, ఆవేశమూ అంతే,
తాళంచెవి సరిపోతది.
ఇగ అది కదలదు.
కీళ్ల సందులల్ల సున్నం పేరుకుంటది,
మనిషినీ కదలనియ్యదు.

ఇదంతా చెప్పిన.
చెప్తుంటే ఆమె రాసుకోలేదు.
"ఆయన పేరు ముత్యాలు సార్,
నలభై రెండేండ్లు.
చుక్కలు చూడాలంటే పక్కకు ఒరిగి పండుకోవాలె."

పుస్తకంల తర్వాతి పేజీ హైడ్రోజన్ బంధం.
'బలహీనమైనది' అని అచ్చేసిన్రు.
ఆ మాట కింద గీత గీయమన్న,
ఎందుకో గొంతు పెద్దగయింది.
"నీళ్లల్ల ఇది పట్టుకుంటది, వదుల్తది,
రెప్ప కొట్టే లోపల లక్షల కోట్లసార్లు.
డీఎన్ఏ నిచ్చెనకు మెట్లు దీనితోనే.
గట్టిగుంటే విప్పుకోరాదు,
విప్పుకోకుంటే ఒక కణం రెండు కాదు.
వదలొచ్చే ముడి కాబట్టే మనం ఉన్నం."

"సార్, ఇది పరీక్షల వస్తదా?"
వెనక బెంచీ.
"వస్తది," అన్న. అబద్ధం.

గంట కొట్టిన్రు.
వరండాల ఇరవై లీటర్ల క్యాను కాడ
నర్మద సీసా నింపుకుంటున్నది.
అది నిండినంక సంచిల నుంచి ఇంకొకటి తీసింది,
పెద్దది. ఎవరికని అడగలేదు.

బోర్డు తుడవబోయి చూస్తే
ఫ్లోరిన్ బయటి గుండ్రం మీద
ఎనిమిదో చుక్క పెట్టుడే మర్చిన.
సుద్దముక్క చేతిలనే ఉన్నది.
పెట్టబుద్ధి కాలేదు.