ఆరువేల పైన

పోర్టు వేలంలో కొన్న బండి.
పదమూడు వానాకాలాలు గోడౌను వెనక నిలబడి
ఉప్పుగాలి మేసి మేసి
చెయ్యేస్తే అప్పడంలా రాలుతోంది రేకు.
ఇంజను మాత్రం గట్టిది.
ఆరు సిలిండర్లు ఒకే వరసలో,
బంతిలో భోజనానికి కూర్చున్నట్టు.
నాలుగువేల దాకా మర్యాదగా తిరుగుతుంది.
ఆ పైన
సింహాచలం మెట్లు సగం ఎక్కిన మనిషిలా
నడుం మీద చెయ్యేసుకుని ఆగిపోతుంది.

"బలం లేక కాదురా, ఊపిరాడక," అన్నాడు సూరప్పడు.
షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు లేతు ముందు నిలబడినవాడు.
హెడ్డు విప్పి బల్ల మీద బోర్లించి
పోర్టులోకి చిటికెన వేలు దూర్చి
కళ్లు మూసుకున్నాడు.
"ఇదిగో, ఇక్కడ మెట్టుంది.
పోతపోసినోడు తొందర్లో వదిలేసిందే.
గాలి దీనికే తన్నుకుంతంది."

గాజువాక ఆటోనగర్లో, షట్టరు సగం దించుకుని
పదకొండు రాత్రులు.
అతను అరగదీశాడు, నేను టార్చి పట్టాను.
ఎంత తియ్యాలన్నది కాదు, ఎక్కడ ఆపాలన్నదే పని.
కాగితమంత గోడ, అవతల నీళ్ల దారి.
కేమ్‌షాఫ్టు కొత్తది.
ఆట అయిపోయినా మూయని సినిమాహాలు తలుపులా
వాల్వు ఇంకాస్త సేపు తెరిచే ఉంటుంది.
స్ప్రింగులు బిరుసైనవి.
లేకపోతే అంత వేగంలో
వాల్వు మూసుకునేలోపే పిస్టను వచ్చి పలకరిస్తుంది.
ఆ పలకరింపు తర్వాత ఇక మాటలుండవు.

పిస్టన్లు ఆరూ సంచిలో వేసుకుని
కురుపాం మార్కెట్‌కి పోయాం.
కంసాలి వీరభద్రాచారి కళ్లజోడు పైకెత్తి
"ఎవరి పెళ్లికి?" అన్నాడు.
ఒక్కోటీ త్రాసులో పెట్టాడు.
మూడోది నాలుగు గ్రాములు మొగ్గింది.
దాని లోపలి అంచు ఆకురాయితో గీకుతుంటే
రాలిన అల్యూమినియం పొడిని
అలవాటు కొద్దీ కుంచెతో ఊడ్చి గిన్నెలో పోసుకున్నాడు.
తర్వాత గిన్నె చూసుకుని నవ్వాడు.

ఒకటి ఐదు మూడు ఆరు రెండు నాలుగు
ఒకటి ఐదు మూడు ఆరు రెండు నాలుగు
ప్లగ్గు తీగలు తగిలిస్తూ గొణుక్కుంటున్నాను.
క్యారేజీ తెచ్చిన నా కూతురు
"అంకెలు తప్పు నాన్నా," అంది.

ఆదివారం తెల్లారగట్ల, భీమిలి రోడ్డు.
రుషికొండ దాటాక ఎవరూ లేరు,
కుడిపక్కన సముద్రం తప్ప.
మూడో గేరు. నాలుగువేలు.
ఇక్కడే కదా ఆగేది.
ఐదు. గొంతు మారింది.
ఐదున్నర.
ఆరు గొంతులూ ఒకటైపోయి
పచ్చి తాటాకు నిలువునా చీల్చినట్టు
ఒకే చప్పుడు.
ఆరువేల ఆరొందలు, ముల్లు ఇంకా పైకే చూస్తోంది.
సూరప్పడు అద్దం దించాడు.
ఏమీ అనలేదు.
అతని చొక్కా నిండా గాలి.

తిరిగొస్తుంటే ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్కు.
రెండుసార్లు ఆగిపోయింది.
వెనక ఆటోవాడు మా వంశం మొత్తాన్నీ తలుచుకున్నాడు.
నిలబడి ఉన్నా బండికి చలిజ్వరం,
డాష్‌బోర్డు మీద బొల్ట్ ఒకటి గడగడా తిరుగుతోంది.
రెండువేల దగ్గర ఒకప్పుడున్న మెత్తని తోపుడు
ఇప్పుడు లేదు.
పైన దొరికినదాంట్లో సగమే కొత్తది,
మిగతా సగం మేమే కిందనుంచి మోసుకెళ్లాం.

"పాత కేమ్ పెట్టేద్దామేటి మావా?"

సూరప్పడు జేబులోంచి ఇన్‌హేలరు తీశాడు.
గ్రైండరు పొడి ఏళ్ల తరబడి పేరుకుని
అతని లోపలా ఎక్కడో ఒక మెట్టు కట్టింది.
దానికి ఏ వేలూ అందదు.
రెండుసార్లు పీల్చి, ఆపి, వదిలాడు.
"ఉండనీరా.
ఎక్కడో ఓ కాడ దానికి నిండా ఊపిరాడతంది కదా."

పచ్చలైటు పడింది.
క్లచ్చు వదల్లేక వదల్లేక వదిలాను.
దగ్గి, ఊగి,
కదిలింది.